కేంద్రక విచ్ఛిత్తిలో విడుదలయ్యే శక్తిని లెక్కించడం: 173 నుంచి 200 దాకా

“సార్, మూడుసార్లు లెక్కేశాను. మూడుసార్లూ 173 వచ్చింది. పాఠంలో మాత్రం 200 అని ఉంది. ఎక్కడ తప్పు చేశాను?”

కేంద్రకాల పాఠం చెప్పిన ప్రతి ఏడాదీ నోట్‌బుక్ పట్టుకుని ఎవరో ఒకరు ఈ ప్రశ్నతో వస్తారు. ఒక యురేనియం కేంద్రకం రెండుగా చీలితే, అంటే విచ్ఛిత్తి జరిగితే, ఎన్ని మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వస్తుందన్నదే ఆ లెక్క. వాళ్ల లెక్కలో తప్పుండదు. 173 సరైన జవాబే, 200 కూడా సరైనదే. ఈ రెండింటి మధ్య ఉన్న తేడా ఎక్కడికి పోయిందో చాలామందికి ఎవరూ చెప్పరు. విచ్ఛిత్తి గురించి నిజంగా తెలుసుకోవాల్సింది చాలావరకు ఆ తేడాలోనే ఉంది. అందుకే ఇక్కడ లెక్కను మధ్యలో ఆపకుండా చివరిదాకా చేద్దాం. ఇంటర్ చదివేవాళ్లకు అర్థమయ్యేలా, ఒక్క అంకె కూడా దాటేయకుండా.

కాగితం, పెన్ను, ఆరు దశాంశ స్థానాలు చూపించే కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి. ఫోన్‌లో ఉన్నదైనా చాలు.

ముందుగా కావాల్సిన అంకెలు

కేంద్రకాల బరువును కిలోగ్రాముల్లో రాస్తే సున్నాలతోనే పేజీ నిండుతుంది. అందుకే పరమాణు ద్రవ్యరాశి ప్రమాణం వాడతాం. కార్బన్-12 పరమాణువు ద్రవ్యరాశిలో పన్నెండో వంతు ఇది. ఇక్కడ దాన్ని ‘యు’ అని రాస్తాను. శక్తిని మెగా ఎలక్ట్రాన్ వోల్టుల్లో, అంటే ఎంఈవీలలో కొలుస్తాం.

యురేనియం-235: 235.043930 యు
న్యూట్రాన్: 1.008665 యు
బేరియం-141: 140.914411 యు
క్రిప్టాన్-92: 91.926156 యు

న్యూట్రాన్‌ది తప్ప మిగతావన్నీ ఎలక్ట్రాన్లతో కలిపిన పరమాణు ద్రవ్యరాశులు. ఉత్త కేంద్రకానివి కావు. దీనివల్ల ఇబ్బంది లేదు, పైగా తర్వాత ఇదే మన పని సులువు చేస్తుంది. ఎలాగో ఆ చోటికి వెళ్లాక చెబుతాను.

మొదటి అడుగు: సమీకరణం రాసి రెండు వైపులా సరిచూడండి

యురేనియం-235 కేంద్రకం నెమ్మదిగా వచ్చే న్యూట్రాన్‌ను మింగి రెండు ముక్కలవుతుంది. ఎప్పుడూ ఒకే రెండు ముక్కలు రావు. చీలడానికి వందల దారులున్నాయి. పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే దారి ఇది:

యురేనియం-235 + న్యూట్రాన్ → బేరియం-141 + క్రిప్టాన్-92 + 3 న్యూట్రాన్లు

ముందు ద్రవ్యరాశి సంఖ్యలు చూడండి. ఎడమవైపు 235 + 1 = 236. కుడివైపు 141 + 92 + 3 = 236. తర్వాత ప్రోటాన్ల సంఖ్య. యురేనియంలో 92, బేరియంలో 56, క్రిప్టాన్‌లో 36. 56 + 36 = 92. రెండూ సరిపోయాయి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ద్రవ్యరాశి సంఖ్యలు రెండు వైపులా సమానం. వాటితోనే తీసివేత చేస్తే జవాబు సున్నా వస్తుంది. ద్రవ్యరాశి సంఖ్య అంటే ప్రోటాన్లు, న్యూట్రాన్లు మొత్తం ఎన్ని అనే లెక్క మాత్రమే. బరువు వేరు. విచ్ఛిత్తిలో వీటి సంఖ్య మారదు, వాటి బరువు మాత్రం తగ్గుతుంది. 235.043930 అనే అంకెలో చుక్క తర్వాత ఉన్న భాగాన్ని పారేస్తే విచ్ఛిత్తి శక్తిని మొత్తం పారేసినట్టే.

నెమ్మదిగా వచ్చే న్యూట్రాన్ తెచ్చే గతిజశక్తిని పట్టించుకోనక్కరలేదు. గది ఉష్ణోగ్రత దగ్గర అది 0.025 ఎలక్ట్రాన్ వోల్టులు. మనకు రాబోయే జవాబు కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల్లో ఉంటుంది.

రెండో అడుగు: ద్రవ్యరాశి లోపం

చీలక ముందు:
235.043930 + 1.008665 = 236.052595 యు

చీలిన తర్వాత:
బేరియం 140.914411
క్రిప్టాన్ 91.926156
మూడు న్యూట్రాన్లు 3 × 1.008665 = 3.025995
మొత్తం 235.866562 యు

తేడా: 236.052595 − 235.866562 = 0.186033 యు

ఈ 0.186033 యునే ద్రవ్యరాశి లోపం అంటాం. మొత్తం బరువులో ఇది వెయ్యోవంతు కూడా కాదు. అందుకే దశాంశ స్థానాల విషయంలో అంత పట్టుబడుతున్నాను. అన్నిటినీ ఒక్క దశాంశానికి కుదించి చేసి చూడండి. 236.0 నుంచి 235.8 పోతే 0.2 మిగులుతుంది, జవాబు 186 అవుతుంది. రెండు దశాంశాలకు కుదిస్తే 0.18 వచ్చి జవాబు 168కి పడిపోతుంది. రెండు పెద్ద సంఖ్యల మధ్య చిన్న తేడా తీసేటప్పుడు ఇలాగే జరుగుతుంది. కుదించడం మొత్తం లెక్క అయ్యాక చివర్లో చేయండి, మధ్యలో వద్దు.

మూడో అడుగు: శక్తిగా మార్చడం

ఐన్‌స్టీన్ సూత్రం అందరికీ తెలిసిందే. శక్తి = ద్రవ్యరాశి × కాంతి వేగం × కాంతి వేగం. 1 యు ద్రవ్యరాశికి ఎంత శక్తో ఒక్కసారి లెక్కేసి పెట్టుకుంటే ప్రతిసారీ కిలోగ్రాములు, మీటర్ల జోలికి పోనక్కరలేదు.

1 యు = 1.66054 × 10⁻²⁷ కిలోగ్రాములు
దీన్ని (2.99792 × 10⁸)²తో గుణిస్తే 1.49242 × 10⁻¹⁰ జౌళ్లు
1 ఎంఈవీ = 1.60218 × 10⁻¹³ జౌళ్లు కాబట్టి దానితో భాగిస్తే 931.49 ఎంఈవీ

కాస్త ఎక్కువ కచ్చితత్వంతో 931.494 వాడదాం. 931.5 వాడినా పరవాలేదు.

0.186033 × 931.494 = 173.3 ఎంఈవీ

విద్యార్థులు తెచ్చి చూపించే 173 ఇదే. చాలా పుస్తకాల్లో లెక్క ఇక్కడితో ఆగిపోతుంది.

మంచులో వేసిన మొదటి లెక్క

ఈ లెక్కను మొదట చేసినవాళ్ల గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. 1938 డిసెంబరులో బెర్లిన్‌లో ఒట్టో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ యురేనియంపై న్యూట్రాన్లను ప్రయోగించి చూస్తే బేరియం దొరికింది. యురేనియం బరువులో దాదాపు సగమున్న మూలకం అక్కడికి ఎలా వచ్చిందో వాళ్లకు అంతుచిక్కలేదు. వాళ్లతో ఏళ్ల తరబడి పనిచేసిన లీజ్ మైట్నర్ అప్పటికి బెర్లిన్‌లో లేరు. యూదు కుటుంబంలో పుట్టినందువల్ల ఆ ఏడాది జులైలోనే నాజీ జర్మనీ నుంచి తప్పించుకుని వెళ్లాల్సి వచ్చింది. హాన్ ఆమెకు ఉత్తరం రాశారు.

క్రిస్మస్ సెలవుల్లో స్వీడన్‌లోని కుంగెల్వ్ అనే చిన్న ఊళ్లో మైట్నర్, ఆమె సోదరి కొడుకు ఒట్టో ఫ్రిష్ మంచులో నడుస్తూ ఆ ఉత్తరం గురించే మాట్లాడుకున్నారు. కేంద్రకం నీటి బొట్టులా సాగి, నడుము సన్నబడి, రెండుగా తెగిపోతుందేమో అన్న ఆలోచన అక్కడే వచ్చింది. ఒక దుంగ మీద కూర్చుని కాగితం ముక్కల మీద లెక్కేశారు. కేంద్రకాల ద్రవ్యరాశులు ఎలా లెక్కించాలో మైట్నర్‌కు నోటికి వచ్చు. రెండు ముక్కల మొత్తం బరువు ప్రోటాన్ బరువులో సుమారు ఐదోవంతు తగ్గుతుందని తేల్చారు. అంటే దాదాపు 200 ఎంఈవీ.

మనకు వచ్చిన 0.186 చూడండి. ప్రోటాన్ బరువు దాదాపు 1 యు. ఐదోవంతు అంటే 0.2. ఆరు దశాంశాల పట్టికలు లేకుండా, చలిలో, మనసులో గుర్తున్న సూత్రంతో ఆమె మన జవాబుకు ఇంత దగ్గరగా వచ్చారు. 1944 సంవత్సరపు రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి విచ్ఛిత్తిని కనుగొన్నందుకు హాన్ ఒక్కరికే ఇచ్చారు. మైట్నర్‌కు నోబెల్ ఎన్నడూ రాలేదు. ఈ పాఠం చెప్పేటప్పుడు ఆమె పేరు బోర్డు మీద రాయకుండా నేనెప్పుడూ మొదలుపెట్టను.

మైట్నర్, ఫ్రిష్ మరో దారిలోనూ సరిచూసుకున్నారు. చీలిన రెండు ముక్కలకూ ధనావేశం ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఆ వికర్షణ శక్తి ఎంతో లెక్కిస్తే అది కూడా 200 దగ్గరే వచ్చింది. మనమూ చేయొచ్చు. రెండు ఆవేశాల మధ్య స్థితిజశక్తి, ఎంఈవీలలో, 1.44 × 56 × 36 ÷ దూరం. దూరాన్ని ఫెర్మీల్లో, అంటే మీటరులో 10¹⁵వ వంతుల్లో తీసుకోవాలి. పైన ఉన్న గుణకారం 2903. తెగిపోయే క్షణంలో కేంద్రకం బాగా సాగి ఉంటుంది. రెండు ముక్కల మధ్యబిందువుల దూరం సుమారు 17 ఫెర్మీలు అనుకుంటే 2903 ÷ 17 = 171 ఎంఈవీ. ద్రవ్యరాశి లోపం ‘ఎంత’ అని చెబితే, ఈ లెక్క ‘ఎలా’ అని చెబుతుంది. విచ్ఛిత్తి శక్తిలో ఎక్కువ భాగం రెండు ధనావేశాలు ఒకదాన్నొకటి తోసుకోవడం వల్ల వచ్చే వేగమే.

నాలుగో అడుగు: బంధన శక్తితో సరిచూడండి

పరీక్షలో కొన్నిసార్లు ద్రవ్యరాశులు ఇవ్వరు, ఒక్కో న్యూక్లియాన్‌కు (అంటే ఒక్కో ప్రోటాన్‌కు లేదా న్యూట్రాన్‌కు) బంధన శక్తి ఇస్తారు. దారి వేరు, జవాబు అదే.

యురేనియం-235: న్యూక్లియాన్‌కు 7.591, మొత్తం 1784 ఎంఈవీ
బేరియం-141: న్యూక్లియాన్‌కు 8.326, మొత్తం 1174 ఎంఈవీ
క్రిప్టాన్-92: న్యూక్లియాన్‌కు 8.513, మొత్తం 783 ఎంఈవీ

విడి న్యూట్రాన్లకు బంధన శక్తి సున్నా. కాబట్టి 1174 + 783 − 1784 = 173 ఎంఈవీ.

ఇక్కడ గుర్తు తారుమారు చేసేవాళ్లు ఎక్కువ. ద్రవ్యరాశులైతే ముందున్నదాంట్లోంచి తర్వాతది తీసేయాలి. బంధన శక్తులైతే తర్వాతదాంట్లోంచి ముందున్నది తీసేయాలి. బంధన శక్తి అంటే కేంద్రకం లోపల దాచిన శక్తి అనుకోవడం వల్లే ఈ పొరపాటు జరుగుతుంది. నిజానికి అది కేంద్రకం ఏర్పడేటప్పుడు బయటికి ఇచ్చేసిన శక్తి. మళ్లీ విడగొట్టాలంటే మనం తిరిగి కట్టాల్సిన బాకీ. బాకీ పెరిగిందంటే అంత శక్తి బయటికి వచ్చిందన్నమాట.

ఐదో అడుగు: ముక్కల వెంట చివరిదాకా వెళ్లండి

మిగిలిన 27 ఎంఈవీలు దాదాపుగా ఇక్కడే ఉన్నాయి.

బేరియం-141, క్రిప్టాన్-92 స్థిరమైన కేంద్రకాలు కావు. యురేనియంలాంటి బరువైన కేంద్రకంలో ప్రోటాన్ల కంటే న్యూట్రాన్లు చాలా ఎక్కువ. అది చీలినప్పుడు ముక్కలకు కూడా ఆ ఎక్కువ న్యూట్రాన్లే వస్తాయి. మధ్యస్థ కేంద్రకాలకు అన్ని అక్కరలేదు. దాంతో ఒక్కో న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారుతూ, ఎలక్ట్రాన్‌ను, యాంటీన్యూట్రినో అనే ఆవేశం లేని అతి తేలికైన కణాన్ని బయటికి పంపుతూ పోతుంది. అదే బీటా క్షయం. ప్రతి మెట్టులోనూ మరికొంత శక్తి బయటికి వస్తుంది.

బేరియం-141 (అర్ధాయువు, అంటే సగం కేంద్రకాలు క్షయం చెందడానికి పట్టే కాలం, 18 నిమిషాలు) → లాంథనమ్-141 (సుమారు 4 గంటలు) → సీరియం-141 (32 రోజులు) → ప్రసియోడిమియం-141, ఇది స్థిరం.

క్రిప్టాన్-92 (2 సెకన్లలోపు) → రుబీడియం-92 (4.5 సెకన్లు) → స్ట్రాన్షియం-92 (రెండున్నర గంటలకు పైన) → యిట్రియం-92 (మూడున్నర గంటలు) → జిర్కోనియం-92, ఇది స్థిరం.

మొత్తం ఏడు బీటా క్షయాలు. ఏడింటికీ విడివిడిగా లెక్కేయాలా? అక్కరలేదు. మొదట్లో చెప్పిన పరమాణు ద్రవ్యరాశుల సౌలభ్యం ఇక్కడే ఉపయోగపడుతుంది. ఒక్కో బీటా క్షయంలో ఒక ఎలక్ట్రాన్ బయటికి వెళుతుంది. కొత్త మూలకానికి ప్రోటాన్ ఒకటి పెరిగింది కాబట్టి దాని పరమాణువులో ఎలక్ట్రాన్ కూడా ఒకటి ఎక్కువ ఉండాలి. ఆ ఎలక్ట్రాన్ బరువు కొత్త మూలకపు పరమాణు ద్రవ్యరాశిలో ఇప్పటికే కలిసి ఉంది. అందువల్ల విడిగా కలపాల్సిన పని లేదు. మొదటి, చివరి పరమాణువుల బరువులు చూస్తే చాలు.

ప్రసియోడిమియం-141: 140.907653 యు
జిర్కోనియం-92: 91.905041 యు

బేరియం వైపు: 140.914411 − 140.907653 = 0.006758 యు, అంటే 6.3 ఎంఈవీ
క్రిప్టాన్ వైపు: 91.926156 − 91.905041 = 0.021115 యు, అంటే 19.7 ఎంఈవీ

రెండూ కలిపితే 26.0. ముందు వచ్చిన 173.3కి కలిపితే 199.3 ఎంఈవీ.

పుస్తకంలోని 200కూ, నోట్‌బుక్‌లోని 173కూ మధ్య తగువు తీరింది. 173 అనేది చీలిన వెంటనే లెక్క. 199 అనేది ఆ ముక్కలు స్థిరపడేదాకా, వారాలు నెలలు గడిచాక, తేలే లెక్క. ఈసారి ఎవరైనా విద్యార్థి 173తో వస్తే రబ్బరు అందుకోనివ్వకండి. ఆ పేజీలోనే కింద మరో నాలుగు వరుసలు రాయించండి.

యురేనియం-235 చీలే దారులన్నిటినీ వాటి వాటా ప్రకారం సగటు తీస్తే మొత్తం సుమారు 202 ఎంఈవీ వస్తుంది. మనం చేసిన ఒక్క దారి లెక్క దానికి ఇంత దగ్గరగా రావడం, ఏ దారిలో చీలినా శక్తి దాదాపు ఒకే స్థాయిలో ఉంటుందని చెబుతోంది.

ఆ 200 ఎటెటు పోతుంది

యురేనియం-235 ఒక్క విచ్ఛిత్తికి సగటున:

చీలిన ముక్కల గతిజశక్తి: 169 ఎంఈవీ
అప్పుడే వచ్చిన న్యూట్రాన్ల గతిజశక్తి: 5
అప్పుడే వచ్చిన గామా కిరణాలు: 7
తర్వాత వచ్చే బీటా కణాలు: 6.5
తర్వాత వచ్చే గామా కిరణాలు: 6
యాంటీన్యూట్రినోలు: 9

ముక్కలు ఇంధనంలోనే మిల్లీమీటరులో వందోవంతు దూరం కూడా దాటకుండా ఆగిపోతాయి. 169 మొత్తం అక్కడే వేడిగా మారుతుంది. యాంటీన్యూట్రినోల 9 మాత్రం మనకు దక్కదు. అవి రియాక్టర్ గోడలను, భూమిని కూడా ఏమీ పట్టనట్టు దాటి వెళ్లిపోతాయి. దానికి బదులు, గొలుసు చర్యకు, అంటే ఒక విచ్ఛిత్తిలో వచ్చిన న్యూట్రాన్లు మరిన్ని కేంద్రకాలను చీల్చడానికి, పనికిరాకుండా మిగిలిన న్యూట్రాన్లను రియాక్టర్‌లోని పదార్థాలు పీల్చుకున్నప్పుడు వచ్చే గామా కిరణాలు ఇంచుమించు అంతే శక్తి ఇస్తాయి. పోయింది 9, వచ్చింది సుమారు 9. అందుకే రియాక్టర్ లెక్కల్లో ‘విచ్ఛిత్తికి 200 ఎంఈవీ వేడి’ అని నిశ్చింతగా రాసుకుంటాం.

ఆరో అడుగు: ఒక పరమాణువు నుంచి కిలోగ్రాము దాకా

200 ఎంఈవీ = 200 × 1.602 × 10⁻¹³ = 3.204 × 10⁻¹¹ జౌళ్లు

విడిగా చూస్తే ఇది కంటికి కనిపించని శక్తి. ఒక్క వాట్ కావాలంటే సెకనుకు 3.1 × 10¹⁰, అంటే మూడు వేల కోట్లకు పైగా కేంద్రకాలు చీలాలి. అయితే ఒక కిలోలో ఎన్ని ఉన్నాయో చూడండి.

1000 ÷ 235.04 × 6.022 × 10²³ = 2.562 × 10²⁴ పరమాణువులు

2.562 × 10²⁴ × 3.204 × 10⁻¹¹ = 8.21 × 10¹³ జౌళ్లు

ఒక యూనిట్ కరెంటు, అంటే ఒక కిలోవాట్ గంట, 36 లక్షల జౌళ్లు. భాగిస్తే 2.28 కోట్ల యూనిట్ల వేడి. గుర్తుపెట్టుకోవడానికి రియాక్టర్ ఇంజినీర్లు మరో కొలత వాడతారు, మెగావాట్-రోజు. ఒక మెగావాట్ చొప్పున రోజంతా వచ్చే శక్తి అది, 8.64 × 10¹⁰ జౌళ్లు. దానితో భాగిస్తే కిలోకు 950 మెగావాట్-రోజులు. అంటే ఒక్క గ్రాముకు సుమారు 0.95. దాదాపు ‘గ్రాముకు ఒక మెగావాట్-రోజు’. ఈ ఒక్క మాట గుర్తుంటే ఏ రియాక్టర్ లెక్కనైనా మనసులోనే అంచనా వేయొచ్చు.

బొగ్గుతో పోల్చాలంటే, కిలోకు 4000 కిలోకేలరీలు ఇచ్చే బొగ్గును తీసుకుందాం. అంటే 1.67 × 10⁷ జౌళ్లు. ఒక కిలో యురేనియం-235 మొత్తం చీలిస్తే వచ్చే వేడికి ఆ బొగ్గు 49 లక్షల కిలోలు కావాలి, అంటే 4,900 టన్నులు.

ఇంతా చేసి ఆ కిలోలో తగ్గిన బరువు ఎంత? 8.21 × 10¹³ ÷ 9 × 10¹⁶ = 0.00091 కిలోలు. ఒక గ్రాము కూడా లేదు. మిగతా 999 గ్రాములు వేరే మూలకాలుగా, న్యూట్రాన్లుగా అక్కడే ఉన్నాయి.

ఏడో అడుగు: హైదరాబాద్ బండిల్‌తో నిజమైన లెక్క

స్వచ్ఛమైన యురేనియం-235 కిలో ఏ కరెంటు రియాక్టర్‌లోనూ పెట్టరు. నిజంగా పెట్టేది ఏమిటో చూడాలంటే మనం దూరం వెళ్లక్కరలేదు. మన దేశంలోని భారజల రియాక్టర్లకు ఇంధనం హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లో తయారవుతుంది. 220 మెగావాట్ల రియాక్టర్లు, ఉదాహరణకు కర్ణాటకలోని కైగాలో ఉన్నవి, వాడే ఒక్కో ఇంధన బండిల్ సుమారు అర మీటరు పొడవు. 19 గొట్టాలు గుండ్రంగా కట్టగట్టి ఉంటాయి. లోపల సుమారు 15.2 కిలోల యురేనియం డయాక్సైడ్.

అందులో యురేనియం ఎంత? యురేనియం డయాక్సైడ్‌లో 270 పాళ్లకు 238 యురేనియం. కాబట్టి 15.2 × 238 ÷ 270 = 13.4 కిలోలు. ఇది సహజ యురేనియం, బరువులో యురేనియం-235 వాటా 0.711 శాతమే. అంటే 95 గ్రాములు. మిగతాదంతా యురేనియం-238.

ఈ రియాక్టర్లలో ఒక టన్ను యురేనియం నుంచి సగటున సుమారు 6,700 మెగావాట్-రోజుల వేడి తీస్తారు. ఒక బండిల్‌కు 0.0134 × 6,700 = 90 మెగావాట్-రోజులు. యూనిట్లలో 21.6 లక్షలు. వేడిలో కరెంటుగా మారేది సుమారు 29 శాతం, కాబట్టి 6.3 లక్షల యూనిట్లు. నెలకు 200 యూనిట్లు వాడే 260 ఇళ్లకు ఏడాదిపాటు సరిపోయే కరెంటు, చేత్తో ఎత్తగలిగే ఒక బండిల్ నుంచి.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. 95 గ్రాములు × 0.95 = 90 మెగావాట్-రోజులు. బండిల్ ఇచ్చిందీ 90! యురేనియం-235 మొత్తం ఖర్చయిపోయిందని అనిపిస్తుంది. అంకెలు కాకతాళీయంగా కలిశాయంతే. బయటికి తీసిన బండిల్‌లో యురేనియం-235 ఇంకా కొంత మిగిలే ఉంటుంది. ఖర్చయినదాంట్లోనూ కొంత చీలకుండా న్యూట్రాన్‌ను మింగి యురేనియం-236గా మారి ఊరుకుంటుంది. ఆ లోటును భర్తీ చేసేది ప్లుటోనియం. యురేనియం-238 న్యూట్రాన్‌ను పీల్చుకుని, రెండు బీటా క్షయాల తర్వాత ప్లుటోనియం-239 అవుతుంది. అదీ రియాక్టర్‌లోనే చీలుతుంది, యురేనియం కంటే కాస్త ఎక్కువ శక్తే ఇస్తుంది. జవాబు సరిపోయినంత మాత్రాన దాని వెనుక ఉన్న కథ సరైనదని అనుకోకూడదనడానికి నేను తరచూ చూపించే లెక్క ఇది.

రియాక్టర్ మొత్తానికి కూడా చూద్దాం. 220 మెగావాట్ల కరెంటుకు సుమారు 750 మెగావాట్ల వేడి కావాలి. ‘గ్రాముకు 0.95’ సూత్రంతో 750 ÷ 0.95 = 790. రోజుకు 800 గ్రాములలోపు కేంద్రకాలు చీలితే చాలు. అందులో శక్తిగా మారే ద్రవ్యరాశి రోజుకు 0.72 గ్రాములు.

ఆగిన తర్వాత కూడా ఆగని వేడి

ఐదో అడుగులో ముక్కల వెంట ఎందుకు వెళ్లమన్నానో ఇప్పుడు చెబుతాను. బీటా కణాల 6.5, ఆలస్యంగా వచ్చే గామాల 6 కలిపితే 12.5. 200లో అది ఆరు శాతానికి పైన. ఈ ఆరు శాతం శక్తి విచ్ఛిత్తి జరిగిన క్షణంలో రాదు, సెకన్లు, గంటలు, వారాల తర్వాత వస్తుంది. రియాక్టర్‌లో నియంత్రణ కడ్డీలు దింపి గొలుసు చర్యను పూర్తిగా ఆపేసినా, అప్పటికే చీలిన ముక్కలు క్షయం చెందుతూనే ఉంటాయి. వాటికి స్విచ్ లేదు.

750 మెగావాట్ల వేడి ఇచ్చే రియాక్టర్ ఆగిన మరుక్షణం ఇంకా 45 మెగావాట్లకు పైనే వేడి ఇస్తుంటుంది. గంట గడిచేసరికి అది ఒకటిన్నర శాతానికి దిగుతుంది. రోజు గడిచినా అర శాతం దగ్గర, అంటే దాదాపు 4 మెగావాట్లు, మిగిలే ఉంటుంది. నీళ్లు పారించి ఆ వేడిని తీసేయకపోతే ఇంధనం కరిగిపోతుంది. 2011 మార్చి 11న జపాన్‌లోని ఫుకుషిమాలో జరిగింది ఇదే. భూకంపం రాగానే నడుస్తున్న రియాక్టర్లు సక్రమంగానే ఆగాయి. ఆ తర్వాత వచ్చిన సునామీ అత్యవసర కరెంటును, పంపులను దెబ్బతీసింది. మూడు రియాక్టర్లలో ఇంధనాన్ని కరిగించింది కొత్త విచ్ఛిత్తి కాదు, మన లెక్కలో 173 తర్వాత వదిలేసే ఆ భాగమే. అందుకే ఆ భాగాన్ని చిల్లర అని వదిలేయడం నాకు మనస్కరించదు.

పరీక్షలో ఎక్కువగా జరిగే తప్పులు

ఇంటర్ ప్రశ్నపత్రాల్లో తరచూ కనిపించే రెండు ప్రశ్నలను పక్కపక్కన పెట్టండి. ‘2 గ్రాముల యురేనియం-235 విచ్ఛిత్తిలో విడుదలయ్యే శక్తి ఎన్ని కిలోవాట్ గంటలు?’ అన్నది ఒకటి. ‘ఒక మైక్రోగ్రాము యురేనియం-235 పూర్తిగా నశిస్తే ఎంత శక్తి వస్తుంది?’ అన్నది రెండోది.

మొదటిదానికి పరమాణువుల సంఖ్య లెక్కించి 200 ఎంఈవీతో గుణించాలి. 2 ÷ 235 × 6.022 × 10²³ × 3.2 × 10⁻¹¹ ÷ 36 లక్షలు, జవాబు 4.56 × 10⁴ కిలోవాట్ గంటలు. రెండోదానిలో ‘పూర్తిగా నశిస్తే’ అంటే బరువంతా శక్తిగా మారడం. 10⁻⁹ × 9 × 10¹⁶ = 9 × 10⁷ జౌళ్లు. అదే మైక్రోగ్రాము చీలితే మాత్రం వచ్చేది 82 వేల జౌళ్లే. రెండింటికీ దాదాపు 1,100 రెట్ల తేడా. విచ్ఛిత్తిలో యురేనియం నశించదు, చీలుతుంది. ప్రశ్నలో ఏ పదం ఉందో రెండుసార్లు చదవండి.

మరొకటి, ఎంఈవీని జౌళ్లుగా మార్చేటప్పుడు 10⁻¹³ బదులు 10⁻¹⁹ రాయడం. రెండోది ఒక ఎలక్ట్రాన్ వోల్టుది. మెగా అంటే పది లక్షలు కాబట్టి ఘాతం ఆరు పెరిగి −19 నుంచి −13 కావాలి.

మీరే చేయాల్సిన లెక్క

యురేనియం-235 చీలే మరో దారి:

యురేనియం-235 + న్యూట్రాన్ → జీనాన్-140 + స్ట్రాన్షియం-94 + 2 న్యూట్రాన్లు

జీనాన్-140: 139.921641 యు
స్ట్రాన్షియం-94: 93.915361 యు

జీనాన్ చివరికి సీరియం-140 (139.905443 యు) అవుతుంది, స్ట్రాన్షియం జిర్కోనియం-94 (93.906313 యు) అవుతుంది. ముందు మొదటి మూడు అడుగులు, తర్వాత ఐదో అడుగు వేయండి. ఈసారి న్యూట్రాన్లు రెండే, మూడు కావు. అలవాటుగా మూడు రాసేస్తారు, చూసుకోండి.

చీలిన వెంటనే 184.7 ఎంఈవీ, చివరిదాకా వెళితే 208.2 ఎంఈవీ రావాలి. 207.3 గానీ 209.1 గానీ వచ్చిందంటే భయపడకండి. యులో ఒక వెయ్యోవంతు 0.93 ఎంఈవీకి సమానం కాబట్టి, మూడో దశాంశ స్థానంలో ఎక్కడో ఒక్క అంకె జారి ఉంటుంది. వెనక్కి వెళ్లి అక్కడే వెతకండి, దొరుకుతుంది.